యుద్ధ వాతలు

విశాఖలో మా పేట శాఖా గ్రంథాలయానికి సున్నం వాసన, మామిడి తోరణం, మైకు ఏడాదికి ఒక్క వారమే. నవంబరు 14న మొదలయ్యే గ్రంథాలయ వారోత్సవాలప్పుడు. మిగతా రోజుల్లో పేపర్లు చదివే పదిమంది పెద్దవాళ్ళం, పోటీ పరీక్షలకు చదువుకునే పిల్లలు, కిర్రుమనే ఒక ఫ్యాను. పోయినేడు అక్టోబరులో లైబ్రేరియన్ కుర్రాడు నా పక్కకి కుర్చీ లాక్కుని కూర్చున్నాడు.

"సార్, మీరు పేపర్లో చేశారు కదా. ఆ గోడకి ఈసారి ఏదన్నా కొత్తది పెడదాం. మూడేళ్ళుగా నెహ్రూగారి ఫొటోలే. రంగు వెలిసిపోయి, ఈసారి ఆయనెవరో కింద రాయాల్సి వచ్చేలా ఉంది."

ముందూ వెనకా చూడకుండా అనేశాను. "యుద్ధాలప్పుడు పేపర్లలో వచ్చిన హెడ్డింగులు పెడదాం. చదివితే నవ్వొచ్చేవి."

"యుద్ధంలో నవ్వేముంటుంది సార్?"

"యుద్ధంలో ఉండదు. హెడ్డింగులో ఉంటుంది."

మాట బాగానే పేలింది గానీ, ఇంటికి చేరేలోగా టెన్షన్ పట్టుకుంది. పన్నెండు చార్టులు నింపుతానని ఒప్పుకున్నాను. చేతిలో ఉన్నవి ముప్పయ్యేళ్ళ డెస్కు కబుర్లు తప్ప ఒక్క కాగితమూ లేదు.

ఆ ఆలోచన మాత్రం ఊరికే రాలేదు. 1999లో కార్గిల్ యుద్ధమప్పుడు నేనొక దినపత్రికలో రాత్రి డెస్కుకి కొత్తగా వచ్చిన సబ్ ఎడిటర్ని. ఏజెన్సీ పంపిన ఇంగ్లీషు వార్తని తెలుగు చేసి, హెడ్డింగు పెట్టి, దూరపు ఊళ్ళకి ముందుగా వెళ్ళే డాక్ ఎడిషన్ టైముకి పేజీలోకి తోయాలి. డెస్కులో సీనియర్ల వేళ్ళకి పదేళ్ళుగా ఒక అలవాటు ఉండిపోయింది. 'బోఫోర్స్' అని కొట్టగానే పక్కన 'కుంభకోణం' దానంతటదే పడిపోయేది. ఇప్పుడు అవే బోఫోర్స్ శతఘ్నులు కొండల మీద శత్రువుని హడలెత్తిస్తున్నాయి. ఒక రాత్రి ఒకాయన అలవాటు కొద్దీ 'బోఫోర్స్ కుంభకోణంతో శత్రు బంకర్లు ధ్వంసం' అని కొట్టేశాడు. ప్రూఫులో దొరికింది కాబట్టి సరిపోయింది. ఆ రాత్రి నవ్వుల్లో మా టీలన్నీ చల్లారిపోయాయి.

మర్నాటి నుంచి ఆయన మీద జోకులు వేసినవాళ్ళలో నేనూ ఉన్నాను. జులై 4న నా వంతు వచ్చింది. టైగర్ హిల్ మన సైన్యం చేతికి వచ్చిందని వార్త. అప్పట్లో నాకు తెలుగు పిచ్చి. ఇంగ్లీషు ముక్క కనబడితే అనువదించేదాకా నిద్రపట్టేది కాదు. 'పులికొండపై మువ్వన్నెల జెండా' అని హెడ్డింగు పెట్టి, ప్రింటవుటు తీసి చీఫ్ సబ్ గారి బల్ల మీద పెట్టాను. ఆయన కళ్ళద్దాలు నుదుటి మీదకి నెట్టుకుని చదివారు.

"ఏ మండలమయ్యా ఇది?"

"కార్గిల్ సార్. టైగర్ హిల్."

"దీన్నిలాగే వేస్తే పొద్దున్నే చిత్తూరు జిల్లా నుంచి ఫోన్లొస్తాయి. మా కొండ మీద జెండా పాతిందెవరని."

ఆ కాగితం బుట్టలోకి వెళ్ళింది. టైగర్ హిల్ టైగర్ హిల్‌గానే అచ్చయింది. రిటైరయ్యేదాకా నాకు డెస్కులో పేరు మాత్రం 'పులికొండ' అనే.

సరే, చార్టుల సంగతి. మొదటిరోజే నాకు నేనే ఒక నియమం పెట్టుకున్నాను. పేజీని కళ్ళతో చూడాలి, లేదంటే గట్టి ఆధారమైనా దొరకాలి. విన్నదల్లా గోడకెక్కించకూడదు. లైబ్రేరియన్ కుర్రాడికి కూడా చెప్పాను. "నేనేం తెచ్చినా, ఆధారం ఏదీ అని నువ్వడగాలి." అతను దాన్ని మరీ సీరియస్‌గా తీసుకున్నాడు. ఆ తర్వాత నేను నమస్కారం పెట్టినా ఆధారం అడిగేలా తయారయ్యాడు.

ఆ నియమం దెబ్బకి సాయంత్రానికల్లా నా ముత్యాల్లాంటి హెడ్డింగులు మూడు ఎగిరిపోయాయి. అమెరికా సేనాని మెకార్థర్ మీద చెప్పుకునేది మొదటిది: 'మెకార్థర్ ఫ్లైస్ బ్యాక్ టు ఫ్రంట్'. యుద్ధరంగానికి తిరిగి విమానంలో వెళ్ళాడని చెప్పబోతే, వెనకది ముందుకి తిప్పుకుని ఎగిరాడని వచ్చింది. రెండోది 'బ్రిటిష్ పుష్ బాటిల్స్ అప్ జర్మన్స్'. బ్రిటిష్ వాళ్ళ దాడి జర్మన్లని సీసాలో బిరడా వేసినట్టు బిగించేసిందని దాని ఉద్దేశం. రెండో అర్థం గ్రంథాలయం గోడ మీద రాసేది కాదు. ఈ రెండింటినీ ప్రపంచంలో ప్రతి సబ్ ఎడిటరూ చెబుతాడు. ఒకడు చెప్పిన పత్రిక ఇంకొకడు చెప్పడు, ఒకడు చెప్పిన తేదీ ఇంకొకడు చెప్పడు. పేజీ చూపించమంటే మాట మారుస్తారు.

మూడోది పోయినప్పుడు నిజంగా బాధేసింది. 1815లో నెపోలియన్ ఎల్బా దీవి నుంచి తప్పించుకుని పారిస్ చేరేలోగా, అక్కడి పత్రిక ఒకటి రోజుకో హెడ్డింగు మార్చిందని కథ. మొదట 'రాక్షసుడు తప్పించుకున్నాడు', కాస్త దగ్గరికొచ్చాక 'బోనపార్టు ఫలానా ఊళ్ళో ఉన్నాడు', ఊరి పొలిమేరకి వచ్చేసరికి 'చక్రవర్తి విచ్చేస్తున్నారు'. ఆ వరస ఏ పత్రికలోనూ లేదు. ఎవరో సరదాకి అల్లితే ఇన్నాళ్ళుగా నడుస్తోంది. నేనైతే పాతికేళ్ళు కొత్తగా వచ్చిన ట్రైనీలందరికీ ఇది నిజమనే చెప్పాను. ఇప్పుడు వాళ్ళు ఏ ఏ పత్రికల్లో ఉన్నారో, ఎవరికి చెబుతున్నారో.

పోయినవాటి చోట అసలువి దొరికాయి. కల్పించినవాటికంటే ఇవే బాగున్నాయి.

1898లో క్యూబా విషయమై అమెరికా, స్పెయిన్ కొట్టుకుంటున్నాయి. న్యూయార్క్‌లో హర్‌స్ట్ గారి 'జర్నల్', పులిట్జర్ గారి 'వరల్డ్' అంతకంటే ఘోరంగా కొట్టుకుంటున్నాయి. తన వార్తల్ని వరల్డ్ ఎత్తేస్తోందని జర్నల్‌కి అనుమానం. అందుకని ఒక రోజు తన యుద్ధవార్తలో రెఫ్లిప్ డబ్ల్యూ. థెనజ్ అనే ఆస్ట్రియా కల్నల్ పోరులో చనిపోయాడని ఒక ముక్క ఇరికించింది. అలాంటి మనిషి పుట్టనే లేదు. వరల్డ్ ఆ కల్నల్ని కూడా దించేసుకుంది. ఊరికే దించుకోలేదు, క్యూబా తీరంలో ఉన్న తన వార్తల పడవ నుంచి తన విలేకరే పంపినట్టు డేట్‌లైను కూడా పెట్టింది. అప్పుడు జర్నల్ గుట్టు విప్పింది. ఆ పేరులో మొదటి ముక్కని ఇంగ్లీషులో తిరగేసి చదివితే 'వి పిల్ఫర్', తర్వాతది 'ద న్యూజ్'. అంటే 'మేం వార్తలు కొట్టేస్తాం'. తెలుగులో అయితే 'కొట్టేశాం' అన్న మాటని తిరగేసి 'కల్నల్ శాంట్టేకో' అని పేరు పెట్టినట్టన్నమాట. జర్నల్ నెలకి పైగా ఏడిపించింది. ఆ కల్నల్ మీద పద్యాలు వేసింది, స్మారకచిహ్నం కట్టాలని ఉత్తరాలు అచ్చేసింది. అది చదువుతుంటే నాకు మా జిల్లా విలేకరులు కొందరు వరసపెట్టి గుర్తొచ్చారు. పేర్లొద్దు, అందరూ బాగుండాలి.

రోజుల తరబడి నన్ను పట్టుకుని వదలనిది మాత్రం 1918, నవంబరు 7. అమెరికా పాత పత్రికల స్కాన్లు అక్కడి లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ నెట్‌లో పెట్టింది. రాత్రి భోజనాలయ్యాక ఆ తేదీ తెరిచాను. ఒకదాని తర్వాత ఒకటి సాయంకాలం పత్రికలు, అరచేయంత అక్షరాలు, యుద్ధం అయిపోయిందని. తేదీ మళ్ళీ చూసుకున్నాను. మనం చదువుకున్న మొదటి ప్రపంచయుద్ధం ముగిసింది 11న కదా! నాలుగు రోజుల ముందే వీళ్ళు ముగించేశారు.

జరిగిందేమిటంటే, యునైటెడ్ ప్రెస్ వార్తాసంస్థ అధ్యక్షుడు రాయ్ హోవర్డ్ అప్పుడు ఫ్రాన్స్‌లోని బ్రెస్ట్ రేవులో ఉన్నాడు. అక్కడి అమెరికా నౌకాదళ అధికారి, సంధి కుదిరిందట అని ఆయనతో అన్నాడు. పెద్ద అధికారి నోట విన్నది కదా అని ఈయన తంతి కొట్టాడు. రేవులో అందరూ సంబరాల్లో ఉన్నారు, ఆపి అడిగే నాథుడు లేడు. న్యూయార్క్‌లో జనం ఆఫీసులు వదిలేసి వీధుల్లో పడ్డారు. కిటికీల్లోంచి కాగితం ముక్కలు వానలా కురిశాయి. పోటీ సంస్థ అసోసియేటెడ్ ప్రెస్ మాకలాంటి కబురు లేదంటే ఎవరికి పడుతుంది? పండగ రోజు వర్జ్యం చెప్పేవాడి మాట ఎవరు వింటారు? సాయంత్రానికి ప్రభుత్వమే కాదని చెప్పింది. అప్పటికే తాగినవాళ్ళు తాగేశారు.

ఇదే అసోసియేటెడ్ ప్రెస్ కథ రెండో యుద్ధంలో తిరగబడింది. 1945 మే 7 తెల్లవారుజామున రెండు గంటల 41 నిమిషాలకి ఫ్రాన్స్‌లోని రీమ్స్‌లో జర్మనీ లొంగుబాటు పత్రం మీద సంతకం పెట్టింది. చూసిన పాత్రికేయుల్లో ఆ సంస్థ విలేకరి ఎడ్వర్డ్ కెనెడీ ఒకడు. స్టాలిన్ బెర్లిన్‌లో ఇంకోసారి సంతకాలు కావాలన్నాడు కాబట్టి అప్పటిదాకా వార్త తొక్కిపెట్టమని సైన్యం ఆజ్ఞ. ఈలోగా జర్మన్ రేడియోయే ఆ సంగతి చెప్పేసింది. ఇంక దాచేదేముందని కెనెడీ లండన్‌కి ఫోన్ చేసి వార్త ఇచ్చేశాడు. ఉద్యోగం పోయింది. 2012లో ఆ సంస్థ తప్పు మాదేనని క్షమాపణ చెప్పింది. కెనెడీ 1963లోనే పోయాడు.

మరి హోవర్డ్? ఆయన ఉద్యోగానికి ఏమీ కాలేదు. తర్వాత పెద్ద పత్రికల గొలుసుకే అధిపతి అయ్యాడు. దాని పేరు 'స్క్రిప్స్ హోవర్డ్'లో సగం ఆయనదే.

ఇదంతా మా ఆవిడకి చెబితే, చిక్కుడుకాయలు తుంచుతూ వింది. "నాలుగు రోజుల ముందు అబద్ధం చెప్పినాయన యజమాని అయ్యాడు. ఒక్కరోజు ముందు నిజం చెప్పినాయన్ని తీసేశారు. అంతేగా?" అంది. అంతే. మూడు పేజీలు రాసుకున్న నా నోట్సు చింపేసి, ఆ రెండు వాక్యాలే చార్టు మీద రాయించాను.

జపాను చార్టు దగ్గర ఇంకో తమాషా. 1943 ఫిబ్రవరిలో గ్వాడల్‌కెనాల్ దీవి వదిలేసి పారిపోవాల్సి వస్తే, జపాన్ సైనిక ప్రధాన కార్యాలయానికి 'వెనక్కి' అనే మాట నోట రాలేదు. 'టెన్షిన్' అని ప్రకటించింది. దిక్కు మార్చి ముందుకు సాగడం అని దాని అర్థం. చార్టు చూసిన లైబ్రేరియన్ పెన్సిలు తీశాడు. "సార్, టెన్షన్‌లో ష-కి గుడి ఎక్కువ పడింది." లేదు నాయనా, అది జపాను మాట అని చెప్పాను. "అర్థం మాత్రం అదే కదా సార్" అన్నాడు. ఒప్పుకోక తప్పలేదు.

తర్వాతి ఏడు అక్టోబరులో తైవాన్ దగ్గర జరిగిన విమాన పోరులో అమెరికా విమానవాహక నౌకలు 11, యుద్ధనౌకలు 2 ముంచేశామని జపాన్ ప్రకటించింది. నిజానికి అందులో ఒక్కటీ మునగలేదు. రెండు క్రూయిజర్లు గట్టిగా దెబ్బతిన్నాయి, అంతే. దానికి అమెరికా నౌకాదళం జవాబు నాకు భలే నచ్చింది. టోక్యో రేడియో ముంచేసిన మా నౌకలన్నిటినీ మా నౌకాదళ సేనాని హాల్సీ గారు పైకి తీశారు, ఇప్పుడు వాటితో శత్రువు వైపుకి 'వెనుదిరుగుతున్నారు' అని. టెన్షిన్ అన్నవాళ్ళకి సరైన బదులు.

'గెలుస్తున్నాం' బాపతు హెడ్డింగులు కుప్పలుగా ఉన్నాయి, రెండే తీసుకున్నాను. 1982లో బ్రిటన్, అర్జెంటీనాల మధ్య జరిగిన ఫాక్లాండ్స్ దీవుల యుద్ధంలో అర్జెంటీనా పత్రిక 'హెంతే' మే మొదట్లో ముఖచిత్రం మీద 'గెలుస్తున్నాం!' అని వేసింది. మే నెలాఖరుకి 'ఇంకా గెలుస్తూనే ఉన్నాం'. జూన్ 14న లొంగిపోయారు. రెండోది మన పక్కింటిదే. 1971 డిసెంబరు 16న ఢాకాలో పాకిస్తాన్ సైన్యం లొంగిపోయింది, 93 వేల మంది బందీలయ్యారు. మర్నాడు కరాచీ 'డాన్' పత్రిక బ్యానరు 'విజయం దాకా యుద్ధం'. అదీ వాళ్ళ అధ్యక్షుడు యాహ్యాఖాన్ ప్రసంగం మీద పెట్టిన హెడ్డింగు. తూర్పున పోరు ఆగిందన్న సంగతి చిన్నగా పక్కన. ఆ రాత్రి ఆ డెస్కు మీద కూర్చున్న సబ్ ఎడిటర్ని తలుచుకుంటే నాకు నవ్వు రాదు, జాలేస్తుంది. పైనుంచి మాట వచ్చాక వాడు మాత్రం ఏంచేస్తాడు?

నవ్వు పూర్తిగా ఆగిపోయింది ఇంకొకచోట. ఫాక్లాండ్స్ యుద్ధంలోనే బ్రిటన్ జలాంతర్గామి అర్జెంటీనా నౌక జనరల్ బెల్‌గ్రానోని ముంచింది. లండన్ పత్రిక 'సన్' 1982 మే 4న పేజీ సగం నింపుతూ ఒకే మాట వేసింది, 'గాచా!' అని. 'దొరికావురా!' అన్నమాట. నేను మొదట దాన్ని చార్టుల్లో పెట్టుకున్నది అది ఒక్కమాట హెడ్డింగు కాబట్టి. సబ్ ఎడిటర్ కళ్ళకి ఒక్కమాట హెడ్డింగు అందంగా కనబడుతుంది. తర్వాత లెక్క చూశాను. ఆ నౌకతో 323 మంది పోయారు. ప్రాణనష్టం భారీగా ఉందని తెలిశాక ఆ పత్రికే తర్వాతి ఎడిషన్లలో ఆ హెడ్డింగు తీసేసింది. నేనూ తీసేద్దామనుకున్నాను. చివరికి చార్టు ఉంచి, ఆ మాట కింద 323 అని అంకె మాత్రం వేయించాను. వారం రోజుల్లో ఆ చార్టు ముందు నవ్విన వాళ్ళని నేను చూడలేదు.

చార్టులు రాసిపెట్టింది డిగ్రీ చదివే ఒకమ్మాయి. చెయ్యి ముత్యమే గానీ రెండు వరసల హెడ్డింగు రాసేటప్పుడు పై వరస ఒత్తులు వచ్చి కింది వరస గుడుల మీద కూర్చునేవి. లెటర్‌ప్రెస్ కాలం నుంచీ తెలుగు హెడ్డింగుకి ఉన్న జబ్బే అది. మద్రాసు చార్టు కోసం ఆమెకి మా స్నేహితుడి దగ్గరున్న ఒక పాత పత్రిక పేజీ జిరాక్సు ఇచ్చాను. 1914 సెప్టెంబరు 22 రాత్రి జర్మన్ నౌక ఎండెన్ మద్రాసు రేవులో చమురు ట్యాంకుల మీద గుళ్ళు కురిపించింది. ఆంధ్రపత్రిక దినపత్రికగా మద్రాసులో మొదలై అప్పటికి ఆరు నెలలు కూడా నిండలేదు. పుట్టిన ఏడే గుమ్మంలోకి యుద్ధం వచ్చిన పత్రిక అది. ఆ నౌక పేరు తమిళంలో 'గట్టి పిండం' అనే అర్థంలో ఇప్పటికీ వాడుకలో ఉంది.

జిరాక్సు చూసుకుంటూ ఆ అమ్మాయి, "అంకుల్, యుద్ధ వాతలు అంటే ఏంటి?" అంది.

తీసుకుని చూశాను. పూర్వం ర్త రాయాలంటే ర కింద త వత్తు ఇచ్చేవారు కాదు, త రాసి పక్కన చిన్న కొక్కెంలా వలపలగిలక పెట్టేవారు. జిరాక్సు మీద జిరాక్సు తీయడంతో ఆ కొక్కెం చెరిగిపోయింది. 'యుద్ధ వార్తలు' కాస్తా 'యుద్ధ వాతలు' అయ్యాయి. వాత పెట్టడమంటే ఏమిటో ఆమెకి చెప్పాల్సి వచ్చింది, ఈ కాలం పిల్లలకి ఆ భాగ్యం లేదు కదా. గుమ్మం మీద కట్టే గుడ్డ బ్యానరుకి ఇంకో పేరు వెతకలేదు.

పన్నెండో చార్టు మా ఊరిది. 1942 ఏప్రిల్ 6న జపాన్ విమానాలు విశాఖ రేవు మీద బాంబులు వేశాయి. అదే రోజు కాకినాడ మీద కూడా. దానికి ఏ హెడ్డింగూ పెట్టలేదు. పైన తేదీ రాయించి, కింద అంతా ఖాళీ వదిలి, దారానికి ఒక స్కెచ్ పెన్ను కట్టాను. 'ఆ రోజు మీరు డెస్కులో ఉంటే ఏం హెడ్డింగు పెడతారు?' అని పక్కన చిన్న కాగితం. మొదటి రోజే హైస్కూలు పిల్లలు సగం నింపేశారు. సినిమా పేర్లు, క్రికెట్ మాటలు, ఒకడైతే తన ఫోన్ నంబరు. అది కొట్టేశాం.

నాలుగో రోజు సాయంత్రం మనవడి చెయ్యి పట్టుకుని ఒక తాతగారు వచ్చారు. తొంభైకి దగ్గర్లో ఉంటారు. మిగతా చార్టులేవీ చూడలేదు, తిన్నగా దీని ముందుకొచ్చి నిలబడ్డారు. స్కెచ్ పెన్ను పట్టుకోబోతే చెయ్యి వణికింది. నన్ను రాయమన్నారు.

"రాయి బాబూ. విమానాలొచ్చాయి, పప్పు మాడింది."

ఆగాను.

"అదేమిటి తాతగారూ?"

"అప్పుడు నాకు ఏడేళ్ళు. చప్పుడు వినబడగానే మా అమ్మ నన్ను, చెల్లిని చంకనేసుకుని వీధిలోకి పరిగెత్తింది. పొయ్యి మీద పప్పు అలాగే వదిలేసింది. వాళ్ళు వేసింది రేవు మీద, మాడింది మా ఇంట్లో. సాయంత్రానికి బండి కట్టించుకుని ఊరెళ్ళిపోయాం. ఆరు నెలలు అక్కడే. ఆ ఆరు నెలలూ మా నాయనమ్మ మా అమ్మని అడిగింది ఒక్కటే మాట, గిన్నె దించి రావొచ్చు కదే అని."

నేను రాశాను. అంతసేపూ పక్కనే చేతులు కట్టుకుని నిలబడ్డ లైబ్రేరియన్ గొంతు సవరించుకున్నాడు.

"తాతగారూ, మరి దీనికి ఆధారం ఏదన్నా..."

ఆయన అతన్ని ఎగాదిగా చూశారు.

"గిన్నె మొన్నమొన్నటిదాకా ఇంట్లోనే ఉందయ్యా. ఎంత తోమినా మసి వదిలితేనా. మా కోడలు పాత సామాన్లవాడికి వేసేసింది."